కాలు తగిలితే

కూతుర్ని ఐకిడో అనే జపాను యుద్ధవిద్య క్లాసుకి దింపాక తేజేశ్వర్ ఇంటికి వెళ్ళడు. హాలు ముందు కార్‌పార్కులో లైటు స్తంభం కింద కారు ఆపి, తలుపులన్నీ లాక్ చేసి, నిజంగా లాకయ్యాయో లేదోనని ఇంకోసారి బటన్ నొక్కి, సీటు కాస్త వెనక్కి వాల్చుకుని కూర్చుంటాడు. చేతిలో ఫోనుంటుంది గాని చదవడు. అద్దంలోంచి వెనక రోడ్డు చూస్తుంటాడు. హుడీలు వేసుకున్న కుర్రాళ్ళెవరైనా సైకిళ్ళ మీద అటుగా పోతే, వాళ్ళు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టుకుంటాడు. నలభై దాటిన మనిషి, ఆఫీసులో టెస్టింగ్ లీడు, తన కింద ఒక టీమే ఉంది, మీసాలు మొలవని పిల్లలకి జడిసి కారులో దాక్కుంటున్నాడంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆగస్టు చివర్లో ఒక రాత్రి, డబ్లిన్ రైలు దిగి పోర్ట్‌లీష్ స్టేషన్ నుంచి ఇంటికి నడిచొస్తుంటే, సందులో నలుగురు కుర్రాళ్ళు అతన్ని తోసి పడేశారు. అంతవరకు ఇంట్లో వాళ్ళకీ తెలుసు, గార్డులకీ తెలుసు. ఇక్కడి పోలీసుల్ని గార్డులంటారు. వాళ్ళు ఓపిగ్గా అన్నీ రాసుకుని, ఒంటరిగా ఆ సందులో తిరక్కండి అని చెప్పి పంపారు. పడ్డాక జరిగిన ముక్క ఇంకొకటుంది. అది మాత్రం అతనికీ, ఆ పిల్లలకీ, వాళ్ళ ఫోనుకీ తప్ప మరెవరికీ తెలియదనే అనుకుంటున్నాడు.

ఆ మంగళవారం సాయంత్రం కారు కిటికీ మీద ఎవరో టకటకా కొట్టారు. తేజేశ్వర్ ఎగిరిపడ్డాడు. మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది. చూస్తే నోరీన్. మధులికకి ఐకిడో నేర్పే మనిషి. అరవై దాటింది, కురచగా కత్తిరించిన తెల్లజుట్టు, పరికిణీలా కనిపించే నల్లటి వెడల్పు లాగు. పదవీ విరమణ చేసేదాకా ఆ ఊళ్ళో ఉత్తరాలు పంచింది గనక ఊళ్ళో మనుషులే కాదు, కుక్కలన్నీ కూడా ఆవిడకి పేరుపేరునా తెలుసు.

అద్దం కాస్త దించాడు.

"ఇవాళ మాకో మనిషి తక్కువ పడ్డాడు" అంది. "అందరూ జంటలుగా చెయ్యాలి. డెక్లాన్‌కి జోడు లేదు. మణికట్టు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. నీకుందా?"

ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే గనక ఆవిడ ఏ లెక్కన అడిగిందో చెప్పలేం. గొంతుని బట్టి మాత్రం నువ్వే.

"నాకేం రాదండీ."

"గ్రాండ్. పట్టుకోవడానికి రావాల్సిన పనేముంది?" అంది. ఇక్కడ సరేకీ, బాగుందికీ, ఫర్వాలేదుకీ అన్నిటికీ గ్రాండే. అనేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వస్తాడో రాడో కూడా చూడలేదు. ఆ చూడకపోవడం వల్లే అతను కారు దిగాడు. పిలిచి నిలబడి ఉంటే, తలనొప్పిగా ఉందని చెప్పి ఉండేవాడు.

హాలు తలుపు దాటగానే కనబడినది చెప్పుల వరస. బూట్లూ, స్లిప్పర్లూ, పిల్లల ఫుట్‌బాల్ షూలూ, అన్నీ వేళ్ళ కొసలు బయటికి తిరిగి ఉండేటట్టు పేర్చి ఉన్నాయి. ఐర్లండు వచ్చి తొమ్మిదేళ్ళయినా, బూట్లతో పడగ్గదుల్లోకి నడిచే మనుషుల్ని చూస్తే అతనికి ఇప్పటికీ లోపల ఎక్కడో చివుక్కుమంటుంది. తన బూట్లు విప్పి, వరస చివర పెట్టి, వేళ్ళు బయటికి తిప్పాడు. ప్రాణం కాస్త కుదుటపడింది.

లోపల ఇంకా చాపలు పరుస్తున్నారు. సోమవారం ఆ హాల్లో బింగో, బుధవారం డాన్సు క్లాసు. అందుకని చాపలు వేదిక వెనకున్న గదిలో నిలువుగా పేర్చి ఉంటాయి. ప్రతిసారీ తీసి పరవాలి, అయిపోయాక ఎత్తాలి. ఒక్కోటి ఇద్దరు మొయ్యాలి. పరిచాక అంచు మీద మోకాలు పెట్టి పక్కదానిలోకి నెట్టాలి, లేకపోతే సందులో కాలివేలు ఇరుక్కుంటుంది. లాయరుగారూ, పన్నెండేళ్ళ పిల్లాడూ, గర్భిణి అయి ఆటలు మానేసి చూడ్డానికి మాత్రమే వస్తున్న టీచరమ్మా, అందరూ ఏదో ఒక పని చేస్తున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. తేజేశ్వర్ కూడా వెళ్ళి ఒక చాప రెండో అంచు పట్టుకున్నాడు. మొదటి అంచు పట్టుకున్నది మధులిక.

"డాడ్? వాట్ ఆర్ యూ డూయింగ్?"

"మనిషి తక్కువైండంట. పట్టుకో, పడేస్తవ్."

"ఓ మై గాడ్" అంది మధులిక. పదమూడేళ్ళ పిల్లకి తండ్రి తన లోకంలోకి సాక్సులతో నడిచి రావడం కంటే పెద్ద విపత్తు ఏముంటుంది? తెలుగు పొల్లుపోకుండా అర్థమవుతుంది గాని జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే, అదీ పక్కా పోర్ట్‌లీష్ యాసలో.

డెక్లాన్ గోడలకి ప్లాస్టరింగ్ చేస్తాడు. మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు. అరచేతులు గరుకు, మాట మాత్రం మెత్తన. "ఇలా పట్టుకో, గట్టిగా, వదలకు" అని మణికట్టు అందించాడు. తేజేశ్వర్ పట్టుకున్నాడు. డెక్లాన్ చెయ్యి లాక్కోలేదు, తొయ్యలేదు. పట్టుకున్న చేతి పక్కకే వచ్చి నిలబడి, తేజేశ్వర్ చూస్తున్న వైపే తనూ చూస్తూ, మెల్లిగా తిరిగాడు. ఆ తిరగడంలో తేజేశ్వర్ కాళ్ళు వాటంతటవే నడిచాయి. తోస్తే తిరిగి తొయ్యడం, లేదా పారిపోవడం, అతనికి తెలిసిన తగాదాల్లో ఈ రెండే ఉన్నాయి. ఇలా పక్కకొచ్చి నిలబడే తగాదా అతనెప్పుడూ చూడలేదు. ఇంకోసారి పట్టుకున్నాడు. ఇంకోసారి. నుదుట చెమట పట్టింది. కార్‌పార్కు సంగతి కాసేపు మర్చిపోయాడు.

తన వంతు వచ్చినప్పుడు తిరగబోయి కాలు తప్పుగా వేశాడు. పాదం వెళ్ళి డెక్లాన్ పాదానికి తగిలింది. తగిలీ తగలగానే తేజేశ్వర్ వంగాడు, వేళ్ళతో డెక్లాన్ కాలు తాకి కళ్ళకద్దుకున్నాడు. డెక్లాన్ ఏమో తిరుగుతూనే ఉన్నాడు. ఆ పెద్ద తుంటి వచ్చి చెవి మీద తగలడంతో తేజేశ్వర్ చాప మీద చతికిలబడ్డాడు.

"జీజస్! ఏం కాలేదు కదా?" అని డెక్లాన్ కంగారుగా వంగాడు.

నోరీన్ వచ్చింది. "అదేంటి, మధ్యలో ఆ వంగడం?"

"ఏం లేదు. అలవాటు. కాలు తగిలింది."

"ఓహో" అని మాత్రం అంది. "సరే, లే. మళ్ళీ."

లేస్తూ కూతురివైపు చూశాడు. మధులిక గోడవైపు తిరిగి, బాగానే ఉన్న బెల్టు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. వెనక నుంచి మెడ ఎర్రగా కందిపోయి కనిపించింది. పిల్లకి సిగ్గుగా ఉంది అనుకున్నాడు తేజేశ్వర్. ఉండదూ మరి.

ఆ సందులో జరిగిందీ ఇదే. భుజం మీద తోస్తే వెనక్కి పడ్డాడు. పడుతుంటే కాలు ఎగిరి ఒక కుర్రాడి మోకాలికి తగిలింది. అంతే, చెయ్యి వెళ్ళిపోయింది. బుర్రని అడగలేదు. నేల మీద కూలబడి, కళ్ళజోడు ఎక్కడో ఊడిపోయి, తనని తోసినవాడి మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఒకడు "వీడు మన కాళ్ళమీద పడి అడుక్కుంటున్నాడ్రా" అని అరిచాడు. నవ్వులు. ఫోను లైటు మొహం మీద పడింది. "మళ్ళీ చెయ్, మళ్ళీ చెయ్" అన్నాడు ఇంకొకడు. తొయ్యడం మర్చిపోవచ్చు. మోచేతి మీద గీసుకుపోయింది వారంలో మానిపోయింది. చిన్నప్పటి నుంచీ పుస్తకానికి కాలు తగిలినా, పక్కింటి పిల్లకి తగిలినా, బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషికి తగిలినా చేసిన పని, ఆ రాత్రి అడుక్కోవడం అయిపోయింది. ఆ మాట అతనిలోంచి పోవడం లేదు.

*

బుధవారం సాయంత్రం కిరణ్మయి హాస్పిటల్ ల్యాబు నుంచి వచ్చి, బ్యాడ్జీ కూడా తియ్యకుండా ప్రెస్సు తెరిచి కందిపప్పు డబ్బా దించింది. వంటింటి అలమరని ప్రెస్సు అనడం ఆ ఇంట్లో ఎప్పటినుంచో అలవాటైపోయింది. పప్పు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"డెలానీ మళ్ల మెసేజ్ వెట్టిండు. లీజు ఇంకో ఏడాది తీసుకుంటరా, ఖాళీ చేస్తరా, ఆదివారం లోపల చెప్పుమంటున్నడు."

"ఖాళీ చేస్తమని చెప్పు."

నీళ్ళ చప్పుడు ఆగింది.

"చేసి ఏడికి పోదామని?"

"హైదరాబాద్. ఆఫీసుల అడిగిన. పంపిస్తమన్నరు."

"ఆఫీసుల అడిగినవ్. నన్ను అడిగినవా? పిల్లను అడిగినవా?" కిరణ్మయి తడి చేతులతోనే ఇటు తిరిగింది. "చూడు తేజా, ఆడికి పోవుడు నాకు బాధ కాదు. మన ఊరే. కానీ ఎందుకు పోతున్నమో చెప్పు. నలుగురు పోరలు నూకినందుకు ఇల్లు ఇడిచిపెట్టి పోతమా? పెద్ద దెబ్బ తగల్లేదంటివి. మరి ఇంకేమైంది?"

"ఏం గాలే."

"ఏం గానోడు సూపర్‌మార్కెట్‌కు గూడ కార్ల పోతడా? ఏం గానోడు స్టేషన్‌కు నన్ను వచ్చి తీస్కపొమ్మంటడా? నువ్వు చెప్తలేవు. నాకు తెల్వదనుకోకు."

చెబుదామనే అనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఆవిడ కళ్ళముందు కూడా తను నేల మీద కూలబడి ఉంటాడు, జీవితాంతం. ఉల్లిపాయ అందుకుని తరగడం మొదలుపెట్టాడు. కళ్ళు మండితే కారణం చెప్పనక్కర్లేని పని అదొక్కటే.

మెట్ల మీద నిలబడి మధులిక అంతా విన్నట్టుంది. కిందికి వచ్చి ఫ్రిజ్ తెరిచి పాలు తీసుకుంది. "ఐయామ్ నాట్ గోయింగ్" అంది, ఎవరివైపూ చూడకుండా. గ్లాసు సగం తాగి, మళ్ళీ అంది. "సాటర్‌డే నా గ్రేడింగ్. లోపలికొస్తవా డాడ్, ఆర్ ఆర్ యూ స్టేయింగ్ ఇన్ ద కార్?"

జవాబు కోసం ఆగకుండా పైకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నోట ఒక తెలుగు ముక్క వచ్చిందని ఆలస్యంగా గమనించాడు తేజేశ్వర్.

*

గురువారం క్లాసుకి ట్రాక్ ప్యాంటు వేసుకెళ్ళాడు. జోడు తక్కువ పడితే ఉంటుందని తనకి తనే చెప్పుకున్నాడు. ఆ రోజు జోడు తక్కువ పడలేదు. అయినా నోరీన్ ఒక పాత తెల్ల బెల్టు తెచ్చి, అతని నడుముకి తనే ముడేసి, ఒక మూలకి తీసుకెళ్ళింది.

"ముందు పడటం నేర్చుకో. మిగతావన్నీ తర్వాత."

పడటానికి కూడా ట్యూషనా అనిపించింది అతనికి. కానీ నోరీన్ సీరియస్‌గానే ఉంది. తను ఒకసారి పడి చూపించింది. అరవై దాటిన ఆ ఒళ్ళు చప్పుడు లేకుండా వెనక్కి దొర్లి, అంతే తేలిగ్గా లేచి నిలబడింది.

"గడ్డం రొమ్ముకి ఆనించు. బెల్టు ముడి వైపు చూడు. నేలని చూడకు, అదెక్కడికీ పోదు. వీపు గుండ్రంగా వంచు. చివర్లో రెండు అరచేతులతో చాపని కొట్టు. దెబ్బ చాప తింటుంది, నువ్వు తినక్కర్లేదు."

మొదటిసారి దబ్బున పడ్డాడు. రెండోసారి చేతులు కొట్టడం మర్చిపోయాడు. తర్వాత ఎన్నిసార్లు పడ్డాడో అతనికే తెలియదు. పక్కనుంచి డెక్లాన్ "ఇప్పుడు బాగుంది" అన్నాడొకసారి. పడటం, లేవడం, ఈ రెండిటి మధ్యా ఇంతకుముందు ఒక భయంకరమైన ఖాళీ ఉండేది. ఇప్పుడు ఆ ఖాళీలో చెయ్యడానికి పనులున్నాయి. గడ్డం, ముడి, వీపు, చేతులు. పనుంటే భయానికి చోటు తగ్గుతుంది. ఆఖరుసారి పడినప్పుడు చప్పట్లాంటి చప్పుడొచ్చింది, తల ఎక్కడా తగల్లేదు. అలాగే పడుకుని కాసేపు పైకప్పు చూశాడు. కప్పు మీద నీటి మరక ఒకటుంది. సంతోషంగా ఉందని గమనించి అతనే ఆశ్చర్యపోయాడు.

చాపలు ఎత్తేశాక టీ. హాలు పక్కనున్న చిన్న వంటింట్లో తేజేశ్వర్ కప్పులు కడుగుతుంటే నోరీన్ తుడిచి ప్రెస్సులో సర్దుతోంది. మధులికా వాళ్ళూ బయట గట్టిగా నవ్వుకుంటున్నారు.

"మంగళవారం వంగావు చూడు" అంది నోరీన్. "ఇవాళ కూడా రెండుసార్లు చేశావు. నాకది నచ్చింది. ఏంటో తెలియదు గాని నచ్చింది."

అంతే. ఇంకేమీ అడగలేదు. కప్పు కోసం చెయ్యి చాపింది. తేజేశ్వర్ కుళాయి కట్టేసి, కప్పు చేతిలోనే పట్టుకుని, సింకు వైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. సందు, తొయ్యడం, మోకాలు, చెయ్యి వెళ్ళిపోవడం, అడుక్కుంటున్నాడ్రా అన్న మాట, ఫోను లైటు. ఇంగ్లీషులో చెప్పడం వల్ల కాస్త తేలికైంది. ఇంకెవరికో జరిగిన సంగతి చెబుతున్నట్టుంది.

నోరీన్ అతనివైపు తిరిగింది.

"వెనక్కే కదా పడ్డావు? తల నేలకి కొట్టుకుందా?"

"లేదు."

"నేర్చుకోకుండానే? సిమెంటు మీద?" తల ఆడించింది. "అయితే బాగానే పడ్డావు."

తేజేశ్వర్‌కి నవ్వొచ్చింది. ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ, తుమ్ములా వచ్చేసింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరీన్ తుడుపుగుడ్డ అందించింది.

"తప్పు చేసింది ఆ పిల్లలు. నువ్వు కాదు. ఇంట్లో చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పావు?"

ఆలోచించాడు. "మీరు బయటివాళ్ళు కాబట్టి."

"గ్రాండ్" అంది నోరీన్. "మరి ఆ కప్పు కడుగు. ఇంకా చాలా ఉన్నాయి."

*

శనివారం గ్రేడింగుకి, అంటే బెల్టు పరీక్షకి, హాలు నిండిపోయింది. వేరే ఊళ్ళ క్లబ్బుల వాళ్ళు కూడా వచ్చారు. పరీక్ష పెట్టడానికి కార్క్ నుంచి ఫిన్‌బార్ అనే పెద్దాయన వచ్చాడు. కొయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎవరేం చేసినా ఒకేలా చూస్తున్నాడు. కిరణ్మయి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి తేజేశ్వర్ పక్కన కూర్చుంది. ఇద్దరూ బుధవారం నుంచీ పాలూ పెరుగూ గురించి తప్ప మాట్లాడుకోలేదు.

మధులిక పేరు పిలిచారు. జోడు ఈఫా, తన క్లాసులో పిల్లే. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఒకరికొకరు వంగి నమస్కరించుకుని లేచారు. ఈఫా పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంటోంది, మధులిక పక్కకి వచ్చి తిరుగుతోంది, ఈఫా దొర్లి లేస్తోంది. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తన్నుకుంటూ నడిచే పిల్ల ఇదేనా అని తేజేశ్వర్ నోరు తెరుచుకుని చూశాడు. కిరణ్మయి చెయ్యి ఎప్పుడు తన చేతిలోకి వచ్చిందో తెలియలేదు.

చివరి పట్టులో ఈఫాని కింద పడేసి, చెయ్యి మెలిపెట్టి నేలకి ఆనించి పట్టుకోవాలి. ఈఫా పడింది. మధులిక తొందరగా అడుగు వేసింది. పాదం వెళ్ళి ఈఫా భుజానికి తగిలింది. గట్టిగా కూడా కాదు.

మధులిక ఆగిపోయింది. పట్టు వదిలేసింది. వంగి, కుడిచేత్తో ఈఫా భుజం తాకి, కళ్ళకద్దుకుంది.

తేజేశ్వర్ కుర్చీ అంచుకి జరిగాడు. పరీక్ష మధ్యలో ఆపేసింది పిల్ల. పోయింది.

"ఏమైంది?" అన్నాడు ఫిన్‌బార్. "ఎందుకు వదిలేశావు?"

మధులిక నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది. కానీ గొంతు వణకలేదు. ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో ఇంత.

"నా కాలు ఈఫాకి తగిలింది. మా ఇంట్లో మనిషికి కాలు తగిలితే ఇలా చేస్తాం. సారీ లాంటిదే గాని, సారీ కంటే పెద్దది. నువ్వు నా కాలి కిందివాడివి కాదు అని చెప్పడం. పెద్దవాళ్ళా, చిన్నవాళ్ళా, మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా అని చూడం. మా డాడ్ అందరికీ చేస్తాడు." ఒక్క క్షణం ఆగింది. "అది అడుక్కోవడం కాదు."

ఫిన్‌బార్ కుర్చీలోంచే, నెమ్మదిగా, పూర్తిగా తల వంచి నమస్కరించాడు.

"మంచి పద్ధతి" అన్నాడు. "కానీ ఈఫా చెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది, నీ మొహానికి అందేంత దగ్గర్లో ఉంది. ముందు పట్టుకోవడం పూర్తి చెయ్యి. దూరం జరుగు. అప్పుడు చెయ్యి, నిలబడి. ఏదీ, మళ్ళీ."

జనం నవ్వారు. మంచి నవ్వే. మధులిక మళ్ళీ చేసింది. ఈసారి కాలు తగల్లేదు. అయినా అంతా అయ్యాక రెండడుగులు వెనక్కి జరిగి, నిలబడి, ఈఫా వైపు చూస్తూ చెయ్యి కళ్ళకద్దుకుంది. చాప మీద నుంచి లేస్తున్న ఈఫా కూడా, అదెలా చెయ్యాలో సరిగ్గా తెలియక, అరచెయ్యి నుదుటికి కొట్టుకుంది. డెక్లాన్ ఈలవేశాడు. పాసయినవాళ్ళ పేర్లు చదివినప్పుడు మధులిక పేరు ఉంది.

తేజేశ్వర్ మాత్రం ఒక మాట దగ్గరే ఆగిపోయాడు. అడుక్కోవడం కాదు. ఎవరన్నారు అడుక్కోవడమని? ఆ హాల్లో ఎవరూ అనలేదే. ఆ మాట తను చెప్పింది ఒక్క మనిషికే. నోరీన్ వైపు చూశాడు. దూరం నుంచే ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను చెప్పలేదు అని.

*

తిరుగుదారిలో కిరణ్మయి డ్రైవ్ చేస్తోంది. తేజేశ్వర్ వెనక్కి తిరిగాడు.

"అడుక్కునుడు అని ఎవరన్నరు బిడ్డా?"

మధులిక కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎండ వాలి ఇళ్ళ గోడలు పసుపురంగు తిరిగాయి.

"ఐ సా ఇట్" అంది చివరికి. "ద వీడియో."

"ఏం వీడియో?" అంది కిరణ్మయి.

కిరణ్మయి ఒకసారి అద్దంలో కూతుర్ని, ఒకసారి పక్కన మొగుణ్ణి చూసి, వేగం తగ్గించింది.

మధులికే చెప్పింది. స్కూలు తెరిచిన మొదటి వారంలోనే. లాకర్ల దగ్గర ఒక పిల్ల ఫోనులో చూపించింది, అందులో ఉన్నదెవరో తెలియక. భలే నవ్వొస్తుంది చూడు, ఈ ఇండియన్ ముసలాడు కాళ్ళమీద పడి అడుక్కుంటున్నాడు అని. మధులిక చూసింది. అది మా నాన్న అంది. అదేంటో కూడా చెప్పింది. అక్కడున్న వాళ్ళందరికీ చెప్పింది, మర్నాడు లంచ్‌లో ఇంకొందరికి చెప్పింది, ఎవరు నవ్వితే వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడి చెప్పింది. కొందరు సారీ అన్నారు. ఆ ఫోను పిల్ల ఏడ్చేసి వీడియో తీసేసింది. ఆ పిల్లే ఈఫా. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకో అని నోరీన్ దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఈఫాయే.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు తేజేశ్వర్.

"యూ డిడ్న్‌ట్ టెల్ మీ ఈదర్."

తేజేశ్వర్ సీట్లో ఇంకాస్త వెనక్కి తిరిగాడు.

"మంగళవారం నువ్వు గోడదిక్కు తిరిగినవ్. నేను గట్ల చేసినందుకు నీకు సిగ్గయిందనుకున్న."

మధులిక మొదటిసారి ఇటు తిరిగింది. ఎవరో దారుణమైన నింద వేసినట్టు చూసింది. "సిగ్గు కాదు, డాడ్" అంది, తెలుగులో. మిగతాది ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది. నువ్వు మానేశావేమో అనుకున్నాను, వాళ్ళ వల్ల. మానలేదు. అందుకే ఏడుపొచ్చింది. ఇవాళ నేను కావాలని చెయ్యలేదు, కాలు తగిలింది, చెయ్యి వెళ్ళిపోయింది.

ఇన్ని వారాలూ కారులో కూర్చుని పిల్లకి కాపలా కాస్తున్నానని అనుకున్నాడు తేజేశ్వర్. లోపల ఆ పిల్ల తండ్రికోసం నిలబడటం నేర్చుకుంటోంది. అతనికి సిగ్గేసింది, ఈసారి మంచి సిగ్గు. దానికంటే ఎక్కువగా, గర్వంతో ఒళ్ళంతా వేడెక్కింది.

కిరణ్మయి కళ్ళు తుడుచుకుంటోంది. "నాకు చెప్తే ఏమైతుండె ఇద్దరికి?" అంది. "ఏమైతుండె?"

"కిరణ్, ఈడ ఆపు."

స్టేషన్ పక్కనే. కిరణ్మయి ఆపింది. తేజేశ్వర్ తలుపు తెరిచి దిగాడు. వెనక తలుపు కూడా తెరుచుకుంది. స్పోర్ట్స్ బ్యాగు భుజానికి తగిలించుకుని మధులిక దిగింది. ఇద్దరివైపూ ఒక్కసారి చూసి, కిరణ్మయి కారు ముందుకి పోనిచ్చింది.

సందు ఎప్పటిలాగే ఉంది. ఒక పక్క రాతి గోడ, ఒక పక్క సూపర్‌మార్కెట్ వెనకభాగం, మధ్యలో ఇద్దరు పట్టేంత దారి. గోడ మీద ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని చిప్స్ తింటున్నారు. ఆ రోజు వాళ్ళో కాదో తేజేశ్వర్ చెప్పలేడు. హుడీలుంటే అందరూ ఒకేలా ఉంటారు. భయం పోలేదు, ఎక్కడికీ పోలేదు. కానీ దానితోపాటు ఇప్పుడు అతనికి కొన్ని పనులు తెలుసు. ఊపిరి వదిలాడు. పాదాలు నేలకి పూర్తిగా ఆనించాడు. ఆ గోడకి వీలైనంత ఎడంగా నడిచాడు. కుర్రాళ్ళు తలెత్తి చూశారు.

సరిగ్గా అప్పుడు బ్యాగు బరువుకి పక్కకి ఒరిగిన మధులిక బూటు వచ్చి తండ్రి మడమకి తగిలింది, తండ్రి కాలు వెళ్ళి ఆమె బూటుకి తగిలింది. ఇద్దరి చేతులూ ఒకేసారి వెళ్ళిపోయాయి. ఇద్దరూ ఒకేసారి వంగారు. ఠంగుమని తలలు కొట్టుకున్నాయి.

"ఆవ్! డాడ్!"

తేజేశ్వర్ నుదురు రుద్దుకుంటూ నవ్వాడు. మధులిక కూడా, గోడ పట్టుకుని మరీ. నవ్వు తగ్గాక అతను నిటారుగా నిలబడి, కూతురి భుజం తాకి, చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. తొందరపడలేదు. ఆ పిల్లలు చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకున్నాడు.

"ఆల్ రైట్?" అన్నాడు గోడ మీద కుర్రాళ్ళలో ఒకడు. ఇక్కడ ఎవరైనా ఎవరినైనా పలకరించే మాటే అది.

"గ్రాండ్" అన్నాడు తేజేశ్వర్.

సందు దాటి పెద్ద రోడ్డెక్కారు. కుడివైపు వెళితే ఇల్లు.

"డెలానీ ఇల్లు ఎడమ పక్కకే గద?" అన్నాడు. "లీజుకు సరే అని చెప్పొద్దాం. ఫోన్‌ల ఎందుకు, నడిచే పోదాం."

మధులిక బ్యాగు రెండో భుజానికి మార్చుకుంది.

"పోదాం" అంది.

ఇద్దరూ ఎడమవైపు తిరిగారు.